నీడ పడే పెరట్లో గుబురుగా పెరిగే వెదురు: ఎంపిక, పోషణ గురించి సలహా కావాలి

ప్రశ్న (నీడతోట)

నమస్కారం. ఇంటి వెనుక గోడకూ ప్రహరీకీ మధ్య ఉన్న సన్నని స్థలంలో, పక్క మేడ కిటికీలకు చాటు ఏర్పడేలా వెదురు పెంచాలన్నది నా ఆలోచన. ఆ స్థలంలో ఒక సగానికి ఉదయం పూట రెండు మూడు గంటలు ఎండ తగులుతుంది, ఆ తరువాత రోజంతా గోడ నీడే ఉంటుంది. రెండో సగం మీద ఒక పెద్ద చెట్టు కొమ్మలు కప్పి ఉండటంతో ఆకుల సందుల్లోంచి దిగే వెలుతురు తప్ప నేరుగా ఎండ పడదు.

పాకే వెదురు జోలికి పోకూడదనీ, ఒకేచోట గుబురుగా పెరిగే రకాలనే ఎంచుకోవాలనీ చదివి తెలుసుకున్నాను. ఆ ప్రకారమే గుబురు రకమని చెప్పి అమ్మిన మొక్కను ఒకదాన్ని చెట్టు కింది భాగంలో నాటించాను. అది చావలేదు, అలాగని ఎదగనూ లేదు. కొత్తగా వచ్చే పిలకలు పాత గడల కంటే సన్నగా ఉంటున్నాయి, అన్నీ వెలుతురు వచ్చే వైపుకే ఒరుగుతున్నాయి. మధ్యాహ్నం వేళ ఆకులు నిలువునా ముడుచుకుపోయి సాయంత్రానికి మళ్ళీ విచ్చుకుంటున్నాయి. లోపలి ఆకులు కొన్ని పసుపుపచ్చగా మారి రాలుతున్నాయి. తోటపని చేసే ఒకరు చూసి, పై కొసలు తరిగేస్తే అడుగు నుంచి దట్టంగా వస్తుందనీ, యూరియా వేస్తే ఉన్న గడలు లావెక్కుతాయనీ చెప్పారు. ఆ రెండు పనులూ చేసే ముందు ఇక్కడి అనుభవజ్ఞులను అడగడం మంచిదనిపించింది.

నీడలో నిజంగా బాగా పెరిగే గుబురు రకాలు ఉన్నాయా? చెట్టు కింద ఉన్న మొక్కను అక్కడే బాగుచేసుకోవచ్చా, లేక తీసి ఉదయపు ఎండ తగిలే మొదటి సగంలోకి మార్చాలా? గోడ పునాదికి ఏమైనా ప్రమాదం ఉందా? గడలను ఎప్పుడు, ఎక్కడికి కోయాలి? దయచేసి వివరంగా చెప్పగలరు.


సమాధానం (కణుపు)

ముందుగా మీ మొక్క నిజంగా గుబురు రకమేనా అన్నది మీరే చూసి తేల్చుకోండి, ఎందుకంటే అమ్మేవారి చీటీని నమ్మి తరువాత ఇబ్బంది పడినవారు చాలామంది ఉన్నారు. గుబురు అంచున, బయటివైపు ఉన్న ఒక గడ మొదట్లో మట్టిని చేత్తో జాగ్రత్తగా తొలగించి చూస్తే సంగతి తెలిసిపోతుంది. గుబురు రకాల్లో భూగర్భ కాండం పొట్టిగా, దాని నుంచి లేచే గడ కంటే లావుగా ఉంటుంది. అది కొద్ది దూరం మాత్రమే సాగి, కొస పైకి తిరిగి, తానే గడగా మారిపోతుంది. మరుసటి సంవత్సరపు కాండం ఆ గడ మొదట్లోని మొగ్గ నుంచి బయలుదేరుతుంది. పాకే రకాల్లో భూగర్భ కాండం సన్నగా, పొడవుగా, దగ్గర దగ్గర కణుపులతో నేలలో అడ్డంగా సాగుతూనే ఉంటుంది, దాని పక్క మొగ్గల నుంచి గడలు దూరదూరంగా లేస్తాయి. మీకు కనబడేది ఈ రెండోది అయితే మిగతా సలహాలన్నీ పక్కన పెట్టి, అది గోడ దాటక ముందే తీసేయడం మంచిది.

గుబురు రకమే అయితే పునాది గురించి పెద్దగా భయపడనక్కరలేదు. అయితే ఒకేచోట పెరుగుతుందంటే కదలకుండా ఉంటుందని అర్థం కాదు. ప్రతి సంవత్సరమూ కొత్త గడలు పాతవాటికి బయటివైపునే వస్తాయి కాబట్టి గుబురు చుట్టుకొలత పెరుగుతూనే ఉంటుంది. చిన్న రకాలకు గోడ నుంచి కనీసం ఒక మీటరు ఎడం వదిలితే, చుట్టూ తిరిగి గడలు కోసుకోవడానికి కూడా వీలుంటుంది. ఆ ఎడం లేకపోతే గోడవైపున ఎండిన గడలు పేరుకుపోతాయి, వాటిని తీయడానికి చెయ్యి పట్టదు.

ఇక రకాల విషయం. ఇది మీ వాతావరణాన్ని బట్టి రెండు దారులుగా చీలుతుంది. వేసవులు చల్లగా ఉండి శీతాకాలంలో మంచు కురిసే చోట ఫార్జీసియా జాతికి సాటి వచ్చేది లేదు. చైనా పర్వత ప్రాంతాల అడవుల్లో పెద్ద చెట్ల కింద పెరిగిన వెదురు ఇది, పాండాలు తినే వెదుళ్ళలో ఇదీ ఒకటి. ఫార్జీసియా నిటిడా ముదురు ఊదా ఛాయ గల సన్నని గడలతో మూడు నాలుగు మీటర్ల ఎత్తుకు పెరుగుతుంది. దీనికి మధ్యాహ్నపు ఎండ కంటే నీడే హితం. ఈ రకం తెచ్చుకున్నవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: దీని కొత్త గడ మొదటి సంవత్సరం కొమ్మలూ ఆకులూ లేకుండా వట్టి పుల్లలా నిలబడి ఉంటుంది, రెండో సంవత్సరంలో గానీ ఆకు వేయదు. అది ఎండిపోయిందనుకుని కోసేస్తే మరుసటి ఏటి గుబురును కోసుకున్నట్టే. ఫార్జీసియా రోబస్టా కాస్త ఎక్కువ ఎండను ఓర్చుకుంటుంది, నిటారుగా నిలుస్తుంది, కొత్త గడలపై తెల్లని తొడుగులు చక్కగా కనబడతాయి.

వేడి, ఉక్క ఎక్కువగా ఉండే చోట మాత్రం ఫార్జీసియా క్రమంగా కుంగిపోతుంది. నీడ ఇచ్చినా, నీరు ఇచ్చినా, రాత్రి వేడి తగ్గకపోతే దానికి పడదు. అలాంటి చోట బాంబూసా మల్టిప్లెక్స్ గానీ, బాంబూసా టెక్స్‌టైలిస్‌లో గ్రాసిలిస్ అనే సన్నని రకం గానీ చూడండి. మల్టిప్లెక్స్ అడుగు నుంచీ కొమ్మలు వేస్తుంది కాబట్టి చాటు కోసం బాగా పనికొస్తుంది. గ్రాసిలిస్ నిటారుగా, ఇరుకుగా పెరుగుతుంది, కానీ అడుగు భాగం కొమ్మలు లేకుండా నున్నగా ఉంటుంది. మీకు అడ్డు కావలసినది పై అంతస్తు కిటికీలకా, నేల మట్టానికా అన్నదాన్ని బట్టి ఈ రెంటిలో ఒకటి నిర్ణయించుకోవచ్చు. ఇవి రెండూ పాక్షిక నీడను సహిస్తాయే తప్ప పూర్తి నీడను కోరుకునేవి కావు. రోజుకు రెండు మూడు గంటల ఉదయపు ఎండ ఉన్న మీ మొదటి సగం వీటికి సరిపోతుంది, అయితే నిండు ఎండలో వచ్చినంత దట్టంగా రావు. చారల ఆకులూ పసుపు గడలూ ఉన్న రకాల మీద మోజు పడకండి, నీడలో ఆ రంగులు వెలవెలబోతాయి.

నీడకు వెదురు అని వెతికితే సాసా, ప్లియోబ్లాస్టస్, ఇండోకలామస్ పేర్లు ముందుగా కనబడతాయి. అవి గాఢమైన నీడలో కూడా పెరిగే మాట నిజమే, కానీ అన్నీ పాకేవే. అలాగే ఇంట్లో నీళ్ళ సీసాల్లో పెట్టుకునే లక్కీ బాంబూ వెదురే కాదు, అది డ్రసీనా. ఇంతకుముందు ఒకరు దాన్ని ప్రహరీ వెంట నాటితే ఎంత ఎత్తు పెరుగుతుందని అడిగారు కాబట్టి చెబుతున్నాను.


సమాధానం (పచ్చగడ)

పైన చెప్పినవాటిలో రకాల ఎంపికతో ఏకీభవిస్తాను. అయితే మీరు వర్ణించిన లక్షణాలు చూస్తే, మీ మొక్కను ఇబ్బంది పెడుతున్నది వెలుతురు కొరత ఒక్కటే కాదనిపిస్తోంది. గోడ నీడ వేరు, చెట్టు నీడ వేరు. గోడ నీడలో నేల చల్లగా ఉంటుంది, పోసిన నీరు చాలాసేపు నిలుస్తుంది, పైనుంచి ఆకాశపు వెలుగు రోజంతా అందుతుంది. చెట్టు కింద ఆకులకు వెలుగు తగ్గడంతో పాటు వేళ్ళకు నీరు కూడా తగ్గుతుంది. చిన్న వానలు కొమ్మల మీదే ఆగిపోయి నేలను తడపవు, తడిపినంత మేరకు కూడా చెట్టు వేళ్ళు ముందుగా పీల్చుకుంటాయి. వెదురుకు లోతుగా దిగే తల్లివేరు ఉండదు. దాని వేళ్ళలో ఎక్కువ భాగం పై అడుగు లోతు మట్టిలోనే ఉంటాయి, చెట్టు నీరు తాగే సన్నని వేళ్ళు కూడా అక్కడే ఉంటాయి.

మధ్యాహ్నం ఆకులు నడిమి ఈనె వెంబడి ముడుచుకుని సాయంత్రం విచ్చుకోవడం దప్పికకు గుర్తు. నీడలో ఉండి కూడా ముడుచుకుంటోందంటే అడుగున మట్టి పొడిగా ఉందన్నమాట. పై మట్టి తడిగా కనబడినా మోసపోకండి. ఒక సన్నని ఇనుప చువ్వను జానెడు లోతుకు గుచ్చి తీసి, దానికి అంటుకున్న మట్టిని వేళ్ళ మధ్య నలిపి చూడండి. ముద్ద కట్టకుండా పొడిలా రాలితే, మీరు రోజూ పోస్తున్న నీరు వేళ్ళకు చేరడం లేదని అర్థం. రోజూ కాసిని నీళ్ళు చిలకరించడం కంటే, మూడు నాలుగు రోజులకు ఒకసారి పాదు నిండేలా నెమ్మదిగా పట్టడం మేలు. అలాగని నీరు నిలవ ఉండకూడదు, ఊపిరాడని బురద నేలలో వెదురు వేళ్ళు కుళ్ళిపోతాయి. ఆకులు ముడుచుకోకుండా అంచులు మాత్రం గోధుమ రంగుకు మాడితే అది వేరే కథ. ఉప్పు నీరు గానీ, ఎక్కువైన రసాయన ఎరువు గానీ అందుకు కారణమై ఉంటుంది.

లోపలి ఆకులు కొన్ని పసుపు పడి రాలడాన్ని గురించి కంగారు పడవద్దు. వెదురు ఎప్పుడూ పచ్చగానే కనబడినా ఏటా పాత ఆకులను కొంతవరకు రాల్చి కొత్తవి వేసుకుంటుంది. కొసల్లోని లేత ఆకులు కూడా పాలిపోతేనే ఆలోచించాలి. రాలిన ఆకులను ఊడ్చి పారేయకుండా గుబురు మొదట్లోనే వదిలేయండి. వెదురు ఆకుల్లో సిలికా ఎక్కువగా ఉంటుంది, అవి అక్కడే చివికితే ఆ సిలికా తిరిగి మొక్కకే అందుతుంది. వాటి మీద నాలుగైదు అంగుళాల మందాన ఎండాకుగానీ చెక్కపొట్టుగానీ పరిస్తే నేలలో తేమ నిలుస్తుంది.

మొక్కను మార్చాలా అన్నారు. మార్చమనే నా సలహా. చెట్టు వేళ్ళను నరికి వెదురుకు చోటు చేయాలని చూడకండి, చెట్టుకూ దెబ్బే, ఏడాది తిరిగేసరికి వేళ్ళు మళ్ళీ అల్లుకుంటాయి కూడా. చెట్టు కింద తప్పనిసరిగా పచ్చదనం కావాలనుకుంటే పెద్ద తొట్టిలో వెదురు పెట్టడం ఒక మార్గం, అయితే తొట్టిని నేల మీద నేరుగా పెట్టకుండా ఇటుకలపై ఎత్తి ఉంచాలి, లేకపోతే చెట్టు వేళ్ళు అడుగు రంధ్రాల గుండా తొట్టిలోకే వచ్చేస్తాయి.


నీడతోట

ఇద్దరికీ ధన్యవాదాలు. మట్టి తీసి చూశాను, కాండం పొట్టిగా, లావుగా, పైకి తిరిగి ఉంది, కాబట్టి గుబురు రకమే. చువ్వ పరీక్షలో మట్టి పిండిలా రాలింది. మొక్కను గోడ నీడలోకి మార్చాలని నిర్ణయించాను. ఎప్పుడు తవ్వాలి, ఎలా తవ్వాలి అన్నదీ, కొసలు తరగడం, యూరియా గురించీ ఎవరైనా చెప్పగలరా?


సమాధానం (గడకర్ర)

కొసలు తరగవద్దు. వెదురు గడ్డి జాతి మొక్క. గడ నేలలోంచి ఎంత లావుతో బయటికి వస్తుందో అంత లావుతోనే జీవితాంతం ఉంటుంది, చెట్టు కాండంలా ఏటేటా లావెక్కదు. ఎత్తు కూడా ఆ ఒక్క ఎదుగుదల కాలంలోనే, కొన్ని వారాల్లోనే పూర్తవుతుంది. కొస తెగిన గడ మళ్ళీ పైకి పెరగదు. ఉన్న కణుపుల దగ్గర కొమ్మలు కాస్త గుబురు కడతాయి, అంతే. ఎండ బాగా తగిలే కంచెకు అది పనికొస్తుందేమో గాని, నీడలో ఉన్న మొక్కకు వెలుగు అందుకునే పై ఆకులే ఆధారం. వాటిని తీసేస్తే తిండి తీసేసినట్టే. ఉన్న గడలు లావెక్కవని తెలిసింది కాబట్టి యూరియా వేస్తే లావెక్కుతాయన్న మాట కూడా అక్కడితో పోతుంది. ఎరువు ఫలితం వచ్చే ఏటి పిలకల్లో కనబడుతుంది.

వెదురుకు నత్రజని ఇష్టమే. కానీ నీడలో ఎదుగుదల నిదానం కాబట్టి ఎండలో వేసే మోతాదులో సగం కూడా అవసరం ఉండదు. ఎక్కువైతే గడలు మెత్తగా, పొడవుగా సాగి మరింత ఒరుగుతాయి, లేత ఆకుల మీదికి పేనుబంక వస్తుంది. పిలకలు వేసే కాలానికి కాస్త ముందు, బాగా చివికిన పశువుల ఎరువో కంపోస్టో రెండు అంగుళాల మందాన గుబురు చుట్టూ పరచి, పైన ఆకులు కప్పితే చాలు.

మార్చడానికి సరైన సమయం ఆ పిలకల కాలాన్ని బట్టే ఉంటుంది. చలి ప్రాంతపు ఫార్జీసియాలు వసంతంలో పిలకలు వేస్తాయి. ఉష్ణ ప్రాంతపు బాంబూసాలు వేడి, వాన కలిసి వచ్చే రోజుల్లో, వేసవి రెండో భాగంలో వేస్తాయి. అంతకు కొద్ది వారాల ముందు, మొగ్గలు ఇంకా నేలలోనే ఉన్నప్పుడు తవ్వండి. పిలక బయటికి వచ్చాక నీటితో నిండి ఎంత పెళుసుగా ఉంటుందంటే, చీర కొంగు తగిలినా విరిగిపోతుంది, విరిగిన పిలక మళ్ళీ రాదు. ముందు రోజు బాగా నీరు పట్టి, గుబురు అంచుకు జానెడు దూరం నుంచి చుట్టూ పారతో కోస్తూ, మట్టి గడ్డ చెదరకుండా ఎత్తాలి. విడదీయాలనుకుంటే ఒక్కొక్క ముక్కకూ కనీసం మూడు నాలుగు గడలు, వాటి భూగర్భ కాండం, వేళ్ళు ఉండేలా రంపంతో కోయాలి. ఒంటి గడ ముక్కలు నీడలో కోలుకోవడం కష్టం. నా అభిప్రాయంలో మీ మొక్క బలహీనంగా ఉంది కాబట్టి అసలు విడదీయకుండా మొత్తంగా మార్చడమే మంచిది. ఇంతకుముందు ఎంత లోతున ఉందో అంతే లోతున నాటండి. వేళ్ళు గాలికి ఎండకుండా తడి గోనె కప్పి ఉంచండి, అవి ఆరిపోవడానికి ఎక్కువసేపు పట్టదు.

గడలు కోయడం గురించి చెప్పాలంటే ముందు వాటి వయసు గుర్తించడం రావాలి. ఈ ఏటి గడకు కణుపుల దగ్గర తొడుగులు ఇంకా అంటిపెట్టుకుని ఉంటాయి, చాలా రకాల్లో కణుపు కింద తెల్లని పొడి ఉంటుంది, వేలితో రాస్తే అంటుకుంటుంది. రెండు మూడేళ్ళ గడ శుభ్రంగా, గట్టిగా, నిండు రంగులో ఉంటుంది. అంతకంటే పాతది వన్నె తగ్గి, తడి ప్రాంతాల్లో బూడిద రంగు మచ్చలతో, పలచబడిన ఆకులతో కనబడుతుంది. ప్రతి సంవత్సరం ఈ పాతవాటిలో మూడో వంతుకు మించకుండా, గుబురు నడిమి నుంచి తీసేస్తే లోపలికి గాలి, వెలుగు వెళతాయి. నేలకు వీలైనంత దగ్గరగా, ఒక కణుపుకు సరిగ్గా పైన కోయాలి. కణుపు దగ్గర గడ లోపల అడ్డుపొర ఉంటుంది. దానికి పైన బొంగు మిగిల్చి కోస్తే అది గిన్నెలా నీరు పట్టి, దోమలకు నెలవై, చివరికి కుళ్ళుతుంది.


సమాధానం (తేమనేల)

గడకర్ర గారు చెప్పిన కోత పద్ధతి సరైనదే, కానీ మూడో వంతు అన్న లెక్క ఎండలో బలంగా పెరిగే గుబురుకు వర్తిస్తుంది. నీడలో పిలకలు ఏటా కొద్దిగానే వస్తాయి. వచ్చే ఏటి పిలకకు కావలసిన పిండిపదార్థం ఇప్పుడున్న గడల్లోనూ, కాండాల్లోనూ నిల్వ ఉంటుంది, దాన్ని తయారు చేసేవి ఈ గడల ఆకులే. కాబట్టి కొత్తగా మార్చిన మొక్కలో పూర్తిగా ఎండినవి, ఆకు లేకుండా బోడిగా మారినవి తప్ప మొదటి మూడేళ్ళూ ఏదీ కోయకపోవడమే నయం. ఆ తరువాత కూడా ఈ ఏడాది ఎన్ని పిలకలు నిలిచాయో చూసి, అంతకంటే తక్కువ గడలే తీయండి. నిటిడా విషయంలో మాత్రం కణుపు గారు చెప్పిన బోడి గడలను కొత్తవాటిగా గుర్తుపట్టాలి. తొడుగు, తెల్లపొడి ఉన్నాయంటే అది ఎండినది కాదు.

గడలు ఒకవైపుకే ఒరగడానికి మందు లేదు, అవి వెలుతురు కోసం ఒరుగుతాయి. వాన తడికి బరువెక్కి మరీ వంగితే, కొస నుంచి కొద్దిగా ఆకు బరువు తగ్గించడం వేరు, నిలువునా తల తీసేయడం వేరు. మొదటిది ఒకటి రెండు గడలకు పరవాలేదు. చెట్టు కింది కొమ్మలు రెండు మూడు తీయించగలిగితే, వెదురును కోయడం కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

తెగుళ్ళ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రెండు మాటలు. వాన నేరుగా పడని చోట, అంటే గోడ చూరు కింద, దట్టమైన చెట్టు కింద, వెదురు నల్లి ఎక్కువగా ఉంటుంది. ఆకు పైభాగాన, ఈనెల వెంట వరుసగా, సూదితో తెల్లదారం కుట్లు వేసినట్టు చిన్న చిన్న పాలిపోయిన గీతలు కనబడతాయి. ఆకు తిప్పి చూస్తే అక్కడ సన్నని సాలెగూడు పొర, దాని కింద కంటికి ఆనీ ఆనని పురుగులు ఉంటాయి. పైనుంచి మందు చల్లితే ఆ పొర అడ్డు పడుతుంది. పైపుతో కింది నుంచి పైకి, ఆకు వెనుక తగిలేలా నీటిని వేగంగా కొట్టడం, బాగా సోకిన పాత గడలను కోసి బయట కాల్చేయడం మొదట చేయవలసిన పనులు. ఆకుల మీద మసి పట్టినట్టు నల్లగా ఉంటే, పైన ఎక్కడో పేనుబంక గానీ పిండినల్లి గానీ ఉండి తేనె లాంటి జిగురు కారుస్తోందని అర్థం. నల్లదనాన్ని తుడవడం కంటే చీమలు ఎటు పోతున్నాయో చూసి ఆ పురుగును పట్టుకోవాలి.

మొక్క కొనేటప్పుడు విత్తనపు మొక్కా, విడదీసిన పాత గుబురు ముక్కా అని అడగడం కూడా మంచిది. వెదురు దశాబ్దాలకొకసారి పూసి, చాలా రకాల్లో ఆ తరువాత చనిపోతుంది. 1907లో మొక్కల సేకర్త ఎర్నెస్ట్ విల్సన్ చైనాలోని హూబే నుంచి తెచ్చి, తన కూతురు మురియల్ పేరు మోసేలా చేసిన ఫార్జీసియా మురియలే తోటల్లో విడదీతల ద్వారానే వ్యాపించింది. విడదీసిన ముక్కలన్నిటికీ తల్లి గుబురు పూత కాలమే వర్తిస్తుంది, అందుకే 1990ల ప్రాంతంలో అది పూతకు వచ్చినప్పుడు దేశదేశాల్లోని మొక్కలు దాదాపు కలిసికట్టుగా పూసి ఎండిపోయాయి. ఇప్పుడు దొరికే మురియలే మొక్కల్లో ఎక్కువ భాగం ఆ పూత విత్తనాల సంతానం, కాబట్టి వాటికి ఇంకా చాలా కాలం ఉంది.


నీడతోట

చెట్టు కింది కొమ్మలు తీయించడానికి మనిషిని మాట్లాడాను. పిలకల కాలం ఇంకా మొదలు కాలేదు కాబట్టి మొక్కను విడదీయకుండా, గోడకు మీటరు దూరంలో, ఈ వారంలోనే మార్చిస్తాను. గోడ సున్నం నీళ్ళు కారి మట్టిలో కలిసే చోటు అది, దానివల్ల ఇబ్బంది ఉంటుందా?


సమాధానం (పచ్చగడ)

వెదురుకు కొంచెం ఆమ్లగుణం నుంచి తటస్థంగా ఉండే నేల నచ్చుతుంది. సున్నం ఎక్కువైతే లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా మారుతుంది, అది ఇనుము అందకపోవడం. గోతిలోంచి సున్నపు పెచ్చులు, సిమెంటు ముక్కలు ఏరేసి, ఆ మట్టిలో మూడో వంతు ఆకు కంపోస్టు కలపండి. ఈసారి సున్నం వేయించేటప్పుడు గుబురు మొదట్లో ఒక పట్టా పరిస్తే సరిపోతుంది.